ముప్పై నాలుగో కిలోమీటరు

మారథాన్ పరుగెత్తి వచ్చినవాడి కాళ్లనొప్పులు వారంలో తగ్గిపోతాయి. ఆ పరుగు అతనికి నేర్పిన జీవిత పాఠాలు మాత్రం ఇంట్లోవాళ్లకీ ఆఫీసులోవాళ్లకీ ఏడాది పొడుగునా తగులుతూనే ఉంటాయి. ఓర్పు, క్రమశిక్షణ, సంకల్పం, మన హద్దుల్ని మనమే దాటడం. లింక్డిన్ తెరిస్తే మెడలో పతకం వేసుకుని, నుదుటి మీద చెమటతో, కింద పది పాఠాలు రాసుకున్న ఫొటో ఒకటి కనబడని ఆదివారం ఉండదు.

ఆ పాఠాలు అబద్ధమని నేననను. మోకాలు మొరాయించకముందు నేనూ కొన్నేళ్లు పరుగెత్తినవాణ్నే. నెమ్మదిగా మొదలుపెట్టమని పెద్దవాళ్లు చెప్పినప్పుడు వినని మనిషి కూడా, మొదటి పది కిలోమీటర్లు ఎగిరెగిరి పరుగెత్తి చివరి పదిలో కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చాక వింటాడు. కాకపోతే అసలు గట్టివాళ్లెవరూ పెద్దగా ఉపన్యాసాలిచ్చినట్టు నేను వినలేదు. శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో మారథాన్‌ను సరిగ్గా 2 గంటల 12 నిమిషాల్లో పూర్తిచేశాడు. బూట్లు లేకుండా ఉత్త కాళ్లతో పరుగెత్తడం అలవాటున్న మనిషి. దేశంలో ఆ రికార్డును దశాబ్దాల పాటు ఎవరూ కదిలించలేకపోయారు. ఆయన పేరు మీద పది పాఠాల జాబితా ఏదీ నా కంటబడలేదు.

పరుగు మానేశాక నేను రోడ్డు పక్కకి మారాను. ఏటా ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ జరిగే ఆదివారం ఏదో ఒక నీళ్ల బల్ల దగ్గర వాలంటీరుగా నిలబడతాను. నెక్లెస్ రోడ్డులో తెల్లవారకముందే జెండా ఊపుతారు. అక్కణ్నుంచి ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటుకుని గచ్చిబౌలి స్టేడియానికి చేరాలి. దేశంలో కష్టమైన రూట్లలో దీన్నొకటిగా చెప్పుకుంటారు. ఎండ లేకపోయినా గాలిలో తేమ ఊపిరాడనివ్వదు. రాళ్లూ గుట్టలూ చదును చేసి కట్టిన ఊరు కాబట్టి చదునుగా కనబడే రోడ్డు కూడా ఎక్కడో పైకే పోతుంటుంది. కారులో వెళ్లేవాడికి తెలియదు, పిక్కలకి తెలుస్తుంది.

ఒక ఏడాది నా బల్ల 34వ కిలోమీటరు దగ్గర పడింది. మొదటి అయిదు కిలోమీటర్లలో నీళ్లిచ్చేవాళ్లకి నవ్వులూ, చేతులు ఊపడాలూ, థాంక్యూలూ దక్కుతాయి. 34 దగ్గర అవేమీ ఉండవు. ఒంట్లో కండల్లోనూ కాలేయంలోనూ దాచుకున్న పిండిపదార్థం ఇంచుమించు 30 కిలోమీటర్ల దాకా వస్తుంది. తర్వాత ఒళ్లు కొవ్వును కరిగించుకోవాలి. కొవ్వు నెమ్మదిగా కరుగుతుంది, గడియారం ఆగదు. రన్నర్లు దీన్నే వాల్ తగిలిందంటారు. అక్కడికొచ్చే మనుషులకి ముఖంలో వయసూ హోదా అన్నీ కొట్టుకుపోయి ఉంటాయి. ఐటీ కంపెనీ డైరెక్టరయినా డెలివరీ కుర్రాడయినా ఒకటే అడుగుతారు: "ఇంకా ఎంతుంది?"

మా బల్ల మీద ఉప్పు చల్లిన ఉడకబెట్టిన బంగాళాదుంప ముక్కలు, ఉప్పద్దిన నారింజ తొనలు, అరటిపండ్లు, ఎలక్ట్రాల్ కలిపిన నీళ్లు, నొప్పి స్ప్రే. ఉత్త నీళ్లే అడిగేవాళ్లని కూడా ముందు ఉప్పు నాకించి మరీ పంపుతాను. చెమటలో ఉప్పంతా పోయాక నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోయి మనిషి తికమకపడతాడు, ఒక్కోసారి ప్రాణం మీదికొస్తుంది. దాహంతో పడిపోయేవాళ్ల గురించే అందరికీ తెలుసు. నీళ్లు ఎక్కువై పడిపోయేవాళ్లూ ఉంటారంటే నమ్మరు.

ఎనిమిది దాటింది. నాలుగు గంటల పేసర్ జెండా పట్టుకుని వెళ్లిపోయాడు. ఆ పేసర్ గుంపును అందుకోవాలని వెనకే ఒక కుర్రాడు వస్తున్నాడు. పాతికేళ్లు ఉండవు. నడుము కిందనుంచి మనిషి చక్కగానే పరుగెత్తుతున్నాడు, మోకాళ్లు లేచే తీరు చూస్తే చిన్నప్పటినుంచీ పరుగెత్తినవాడని తెలుస్తోంది. ముఖం మాత్రం పాలిపోయి ఉంది. బూట్లు చవకరకం, ఎడమకాలి బూటు పక్కన కుట్లు ఊడి ఉన్నాయి. చేతికి మాత్రం మా బల్ల మీద ఉన్న సరుకంతా నాలుగుసార్లు కొనగలిగినంత ఖరీదైన జీపీఎస్ వాచీ. ఇప్పటి పిల్లలకి వాచీ ముందు, బూట్లు తర్వాత అని మనసులో అనుకున్నాను.

సరిగ్గా బల్ల ముందుకు వచ్చాక కుడి మోకాలు రోడ్డుకి ఆనింది. ఎడమ కాలు చాచుకుపోయింది. పక్కకి ఒరిగాడు.

పరుగున వెళ్లి పాదం ఒళ్లో పెట్టుకున్నాను. పిక్కలో ఎవరో కోడిగుడ్డు దాచినట్టు కండ లేచి గట్టిగా బిగుసుకుపోయింది. వేళ్లు వెనక్కి వంచి పట్టుకుంటే కుర్రాడు పళ్ల బిగువున "వద్దొద్దు, లేస్తా, రెండు నిమిషాలాగి పోతా" అంటున్నాడు. ఛాతీకి పిన్నీసులతో పెట్టుకున్న బిబ్ మీద నంబరు, నంబరు కింద పెద్దక్షరాల్లో పేరు. ఆ పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. ఎటో చూస్తున్నాడు. సోడియం పడిపోయినవాడికి సొంత పేరు కూడా తెలియకపోవచ్చు. నాకు గుండె ఝల్లుమంది. అంబులెన్సు కుర్రవాళ్లకి చెయ్యి ఊపి, గబగబా బిబ్ తిప్పి చూశాను.

బిబ్ వెనక మూడు గళ్లుంటాయి: బ్లడ్ గ్రూపు, ఏవైనా జబ్బులు, ఎమర్జెన్సీలో ఎవరికి ఫోన్ చెయ్యాలి. ఏటా మొత్తుకుంటాం, నూటికి తొంభై మంది ఖాళీగా వదిలేస్తారు. ఈ కుర్రాడిది చూస్తే ముచ్చటేసింది. నల్ల జెల్ పెన్నుతో ముత్యాల్లాంటి అక్షరాలు. బి పాజిటివ్. జబ్బులు: లేవు. భార్య నంబరు.

"బి పాజిటివే కదా?" అన్నాను, తెలివి ఉందో లేదో చూద్దామని.

"ఓ పాజిటివ్ అంకుల్."

తికమకపడుతున్నాడని ఖాయం చేసుకుని నంబరు నొక్కాను. రెండో రింగుకే ఎత్తారు. ఫలానా వారి భార్యేనా అండీ, కంగారు పడకండి, మారథాన్‌లో మీవారు కొంచెం నీరసించి పడిపోయారు, ప్రమాదమేమీ లేదు అని నేను నేర్చుకున్న పాఠం ఒప్పజెప్పాను. అవతల ఏడుపు వినబడుతుందనుకున్నాను.

"ఏ కిలోమీటరు దగ్గర పడ్డాడండీ?" అంది ఆవిడ.

34 అన్నాను. ఎక్కడో గుర్తులు చెప్పాను. "దగ్గరేలెండి, కొండాపూర్ నుంచే. వెనకదారిన బండి మీద వచ్చేస్తాను" అని పెట్టేసింది. మొగుణ్ని పట్టుకుని పడ్డాడంటుందేమిటి అనిపించింది కానీ, ఈ కాలం దంపతులు, స్నేహితుల్లా ఉంటారు కాబోలనుకున్నాను.

ఈలోగా అంబులెన్సులో డాక్టరు బీపీ చూసి, షుగరు చూసి, తికమకేమీ లేదు, తిండీ నిద్రా లేక వచ్చిన నీరసం, మళ్లీ పరుగెత్తడానికి మాత్రం వీల్లేదని చెప్పి వెళ్లింది. కుర్రాడు అక్కడే చెట్టుకింద ఫుట్‌పాత్ మీద కూలబడి, బంగాళాదుంప ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి తింటున్నాడు. కొంచెం మనిషయ్యాడు. మాటలు కలిపాను.

"రాత్రి పడుకోలేదా?"

"నైట్ షిఫ్టుండె అంకుల్. ఆఫీసు నుంచి అటే వచ్చిన."

"పరుగుకి ముందురోజు సెలవు పెట్టుకోవద్దూ?"

"అడిగిన. రిలీజున్నదన్నరు."

వాళ్లది దేవరకొండ దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు స్కూలుకి చెరువుగట్టు మీద పరుగెత్తుకుంటూ పోయేవాడట. కానిస్టేబుల్ సెలక్షన్లలో 1,600 మీటర్లు అందరికంటే ముందొచ్చాడు, రాత పరీక్షలో పోయింది. తర్వాత ఏదో కోర్సు చేసి ఈ ఉద్యోగంలో చేరాడు. పరుగు గురించి చెబుతుంటే ముఖం వెలిగింది. ఫుల్ మారథాన్ ఇదే మొదటిదట.

"మొదటిదానికే నాలుగు గంటల పేసర్ వెనక పడ్డావా? ఎవరు చెప్పారు నీకు?"

నాలుగు గంటల్లోపు రావాలంటే ప్రతి కిలోమీటరూ 5 నిమిషాల 41 సెకన్లలో పడాలి. అదీ ఈ ఫ్లైఓవర్ల మీద. మొదటిసారి పరుగెత్తేవాడు ఒళ్లు చెడకుండా పూర్తిచేస్తే అదే పదివేలు.

"సబ్ ఫోర్ అని ముందే పోస్టు పెట్టినరంకుల్" అన్నాడు.

పెట్టినరు అన్నాడేమిటి, పెట్టిన అనాలి కదా అని అడగబోతుంటే స్కూటీ వచ్చి ఆగింది.

నలభై దాటిన మనిషి. నూలు చీర, భుజాన సంచి, చేతిలో స్టీలు ఫ్లాస్కు. దిగి, స్టాండు వేసి, హెల్మెట్టు తీసి అద్దానికి తగిలించి, ఇవన్నీ అయ్యాకే చెట్టుకిందకి నడిచి వచ్చింది. కుర్రాడు ఆవిణ్ని చూసి లేవబోయి, కాలు సహకరించక మళ్లీ కూలబడ్డాడు. కాసేపు అతన్నే చూసింది.

"ఈ ఏడు నువ్వా బాబూ?" అంది.

నా చేతిలో నొప్పి స్ప్రే అలాగే ఉండిపోయింది. ఆవిడ మాత్రం పక్కనే చతికిలబడి, ఫ్లాస్కు మూతలోకి మజ్జిగ వంచి ఇచ్చింది. అల్లం, ఉప్పు వాసన నాదాకా వచ్చింది. "పోయినేడు వచ్చినబ్బాయికి బొటనవేలి గోరు ఊడిపోయింది, పాపం. అయినా పూర్తి చేశాడు. నువ్వు తాగు, ఇంకా ఉంది. ముందు ఆ వాచీ ఆపు నాయనా, అదింకా పరుగెత్తుతూనే ఉంది."

కుర్రాడు వాచీ ఆపి, విప్పి, చెమట టీషర్టుకి తుడిచి ఆవిడ చేతిలో పెట్టాడు.

"మరి... ఆయన?" అన్నాను నేను, బిబ్ మీది పేరు చూపిస్తూ.

"పడుకున్నారండీ. పోటీ ముందురోజు నిద్ర ముఖ్యమంటారు. ఫినిషుకి అరగంట ముందు లేపమన్నారు, ఫొటో కోసం." ఏ రసమూ లేని గొంతు, పాలవాడి లెక్క చెబుతున్నట్టుంది. "టీషర్టు బకెట్లో ముంచి పిండి ఉంచాను. తడి ఆరకుండా తీసుకెళ్లాలి కదా."

పరుగు చరిత్ర కొంచెం తెలిసినవాణ్ని కాబట్టి నాకు వెంటనే రోజీ రూయిజ్ గుర్తొచ్చింది. 1980 బోస్టన్ మారథాన్‌లో ఆడవాళ్లలో మొదట వచ్చిందామె, 2 గంటల 31 నిమిషాల 56 సెకన్లలో. తీరా చూస్తే ఫినిషు లైనుకి కాస్త దూరంలో జనంలోంచి రోడ్డు మీదికి దూకిందని తేలింది. పట్టిచ్చిన గుర్తుల్లో ఒకటి, ఒంటి మీద ఉండాల్సినంత చెమట లేకపోవడం. ఎనిమిది రోజుల తర్వాత అసలు విజేత జాక్వెలిన్ గారోకి గెలుపు అప్పగించారు. తడిపిన టీషర్టు ఆలోచన ఆమెకి రాలేదు, మనవాళ్లకి వచ్చింది. అంతకు ముందు 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో ఫ్రెడ్ లోర్జ్ అనే అతను అలసిపోయి మధ్యలో కారెక్కాడు. ఆ కారు చెడిపోతే దిగి, మళ్లీ పరుగెత్తుకుంటూ స్టేడియంలోకి వచ్చేసరికి చప్పట్లు కొట్టి గెలిచావన్నారు. నవ్వులాటకి చేశానని వెంటనే ఒప్పుకున్నాడు, ఆ మరుసటి ఏడు బోస్టన్‌లో నిజంగానే పరుగెత్తి గెలిచాడు కూడా. లోర్జ్ అంటే నాకు కొంచెం అభిమానం. కనీసం 14 కిలోమీటర్లు తన కాళ్లతో పరుగెత్తాడు.

ఇలాంటివాళ్లని పట్టుకోవడానికే ఇప్పుడు బిబ్ వెనక చిప్పు పెడుతున్నారు. దారిలో అక్కడక్కడా పరిచిన చాపల్ని దాటుతుంటే ఆ చిప్పు టైము రాసిపెడుతుంది. కారెక్కినా, మెట్రో ఎక్కినా చాప దగ్గర దొరికిపోతారు. అయితే చిప్పుకి తెలిసిందల్లా చిప్పు వెళ్లిందనే. ఒకరి బిబ్‌తో ఇంకొకరు పరుగెత్తితే నిషేధిస్తామని నిర్వాహకులు ఊరికే బెదిరించరు. రేపు ఏ ఆసుపత్రిలోనో బి పాజిటివ్ చూసి ఓ పాజిటివ్ వాడికి ఏం చేస్తారో ఆలోచించండి. రక్తం ఎక్కించేముందు పరీక్ష చేస్తారనుకోండి, అది వేరే సంగతి. పడిపోయింది ఎవరి కొడుకో వాళ్లకి మాత్రం ఫోను వెళ్లదు.

ఆవిడ ఫోను మోగింది. కొంచెం అవతలకి జరిగి మాట్లాడినా మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"ఆఁ, లేచారా. లేవక్కర్లేదు, పడుకోండి. 34 దగ్గర ఆగిపోయాడు... బాగానే ఉన్నాడు... తెలుసు, పోస్టు పెట్టారు, నేనేం చెయ్యను?... టీషర్టా? వెళ్లి ఆరేస్తాను." తర్వాత చాలాసేపు అవతలి మాటలే. ఆవిడ ఊఁ కొడుతూ ఉంది. చివరికి "సరే, అడుగుతాను" అని పెట్టేసి నా దగ్గరికి వచ్చింది.

"ఏమీ అనుకోకండి. ఎలా పడ్డాడో కాస్త వివరంగా కనుక్కోమన్నారు. ఎడమ కాలా, కుడి కాలా?"

భర్త గారికి మనసులో ఏ మూలో బాధ కలిగిందనుకున్నాను. ఆసుపత్రికి చూపించడానికి వివరాలు అడుగుతున్నారు కాబోలని చక్కగా చెప్పాను. ముందు కుడి మోకాలు ఆనిందనీ, ఎడమ పిక్కలో కోడిగుడ్డు దాచినట్టు కండ లేచిందనీ, వేళ్లు వెనక్కి వంచి పట్టుకున్నాననీ, ఉప్పద్దిన నారింజ తొన నోట్లో పెట్టాననీ. ఆవిడ చీటీ మీద రాసుకుంది. ముత్యాల్లాంటి అక్షరాలు. బిబ్ వెనక రాసింది ఎవరో అప్పుడు తెలిసింది.

"మేడమ్, సార్ ఏమన్నరు?" అన్నాడు కుర్రాడు భయంభయంగా. "అప్రైజల్..."

"ఏమీ అనలేదులే. ఆ బిబ్ ఇటివ్వు."

పిన్నీసులు ఒక్కొక్కటే తీసి, చిరగకుండా, నలగకుండా ఇచ్చాడు. ఆవిడ మడతపెట్టి సంచిలో వేసుకుని, అతన్ని బండి వెనక ఎక్కించుకుని, రూము ఎక్కడో కనుక్కుని బయల్దేరింది. ఫిర్యాదు చేద్దామా అని నేను నిలబడి ఆలోచించాను. పూర్తి చెయ్యనివాణ్ని ఏ ఫలితాల్లోంచి తీసేస్తారు? ఈలోగా ఎవరో బల్ల పట్టుకుని వాంతి చేసుకుంటున్నారు. నా పనిలో నేను పడిపోయాను.

దసరా సెలవులకి ముందు మా ఆఫీసులో హెచ్‌ఆర్ వాళ్లు ఆరోగ్య వారోత్సవం పెట్టారు. ఒకరోజు యోగా, ఒకరోజు దంత పరీక్షలు, చివరిరోజు బయటి కంపెనీ నుంచి ఒక పెద్ద మేనేజరు గారి ఉపన్యాసం: "సుదూర పరుగు నేర్పిన జీవిత పాఠాలు". తెర మీద పేరు చూశాక నేను వెనక వరసలోంచి లేచి ముందు వరసకి వచ్చి కూర్చున్నాను.

మంచి వక్త, ఒప్పుకోవాలి. నలభై ఏడో నలభై ఎనిమిదో ఉంటాయి, మనిషి నిగనిగలాడుతున్నారు. పోటీ ముందు వారమంతా రోజుకి ఎనిమిది గంటలు నిద్రపోతారట. ఆ మాట నేను పూర్తిగా నమ్మాను. దారి మధ్యలో మనల్ని ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తామో అదే మన వ్యక్తిత్వమన్నారు. పరుగులో అడ్డదారి లేదన్నారు. టీమ్ వర్క్ గురించి ఒక స్లైడు ఉంది. అది మాత్రం అనుభవంలోంచి వచ్చిందే. తమ కంపెనీ నుంచి వెంట తెచ్చుకున్న కుర్రాడొకడు పక్కన చీకట్లో నిలబడి స్లైడ్లు మారుస్తున్నాడు.

"ఇంతవరకూ గెలుపుల గురించి చెప్పాను," అని గొంతు తగ్గించారు వక్త. "నాకు అన్నిటికంటే పెద్ద పాఠం నేర్పింది మాత్రం నా ఓటమి. ఈ ఆగస్టులో, 34వ కిలోమీటరు దగ్గర, నేను పడిపోయాను."

హాలు నిశ్శబ్దమైపోయింది.

"ముందు కుడి మోకాలు ఆనింది. ఎడమ పిక్కలో ఎవరో కోడిగుడ్డు దాచినట్టు కండ లేచింది. లేస్తాను, రెండు నిమిషాలాగి పోతాను అంటున్నాను. ఒళ్లు వినడం లేదు. అప్పుడొక తెల్లగడ్డం పెద్దాయన పరుగెత్తుకొచ్చి నా పాదం ఆయన ఒళ్లో పెట్టుకున్నాడు. ఉప్పద్దిన నారింజ తొన నా నోట్లో పెట్టాడు. ఆయన పేరు నాకు తెలియదు. కానీ ఆ ముఖం, ఫ్రెండ్స్..." ఇక్కడ ఆగి, కళ్లు తుడుచుకుని, ముందు వరసను ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశారు. నా తెల్లగడ్డం మీద చూపు ఒక్క క్షణం నిలిచి ముందుకి వెళ్లిపోయింది. "ఆ ముఖాన్ని నా చివరి శ్వాస దాకా మరచిపోలేను."

చప్పట్లు. నా పక్కన కూర్చున్న అకౌంట్సు ఆవిడ ముక్కు చీదుకుంటూ, "మీరూ అక్కడెక్కడో నీళ్లిస్తుంటారు కదండీ, ఆ పెద్దాయనెవరో మీకేమన్నా తెలుసా?" అంది.

ప్రశ్నలుంటే అడగమన్నారు. చెయ్యెత్తాను. స్లైడ్లు మార్చే కుర్రాడు మైకు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నడకలో ఎడమకాలు ఇంకా కొంచెం జాగ్రత్తగానే వేస్తున్నాడు. వెలుతురులోకి వచ్చాక నన్ను చూశాడు. మైకు నాకిచ్చాడు కానీ చెయ్యి వదల్లేదు. ఇద్దరం కాసేపు దాన్ని పట్టుకునే ఉన్నాం. అడగాలనుకున్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. అతని కళ్లు చూసి దాన్ని మింగేసి, వేరేది అడిగాను.

"ఆ పిక్క ఇప్పుడెలా ఉందండీ?"

"పూర్తిగా తగ్గిపోయింది, థాంక్యూ సర్!" అన్నారు వేదిక మీంచి వక్త.

"తగ్గిందంకుల్" అన్నాడు కుర్రాడు, నాకొక్కడికే వినబడేలా.

తర్వాత టీ దగ్గర వక్త గారే నా దగ్గరికి వచ్చి చెయ్యి కలిపారు. మంచి ప్రశ్న అడిగారన్నారు, మనిషి బాధ గురించి ఆలోచించేవాళ్లు తక్కువన్నారు. "మీరూ రన్నరేనా? ఎక్కడా చూసినట్టు లేదే!"

"ఒకప్పుడండీ. ఇప్పుడు చూడ్డమే."

"మళ్లీ మొదలుపెట్టండి. వయసుదేముంది? పరుగు మనుషుల్ని గుర్తుపట్టడం నేర్పుతుంది." ఇంతలో లాప్‌టాప్ సంచి తగిలించుకుని కుర్రాడు పక్కకి వచ్చి నిలబడ్డాడు. వక్త గారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "మా టీమ్ పిల్లాడు. మంచివాడే కానీ స్టామినా లేదండీ. నేను పడిపోయిన మర్నాడే ఆఫీసుకి వెళ్లాను. వీడు కాళ్లనొప్పులని మూడు రోజులు సెలవడిగాడు. అప్రైజల్లో రాయక తప్పలేదు. ఈ తరానికి ఓర్పు తక్కువ. ఏమోయ్, వచ్చే ఏడాదికన్నా కాస్త నేర్చుకుంటావా?"

"నేర్చుకుంట సార్," అన్నాడు కుర్రాడు, సంచి భుజం మార్చుకుంటూ. "వచ్చే ఏడాదన్నా మీరు ఫినిష్ చేసేటట్టు చూస్తా."